వలసలు ఆపుతామనకండి, వెళ్ళినవాళ్ళ లెక్క చెప్పండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి, కార్మిక, జలవనరుల, మత్స్య శాఖల మంత్రులకు, ఉత్తరాంధ్ర నుంచి శాసనసభకూ పార్లమెంటుకూ ఎన్నికైన ప్రజాప్రతినిధులకు,



ప్రతి ఎన్నికకూ మా జిల్లాలకు వచ్చి మీరిచ్చే మాట ఒకటుంది: వలసలు ఆపేస్తాం. జెండా మారుతుంది కానీ ఆ మాట మారదు. ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఏ సభలో అన్నా దానికి చప్పట్లు పడతాయి. ఆ మాట ఇక అనవద్దని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. మనిషి ఊరు దాటడం నేరం కాదు. ఈ దేశంలో ఎక్కడికైనా వెళ్ళే హక్కు, ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. దాన్ని ఆపే పని మీది కాదు. మావాళ్ళు ఊరు ఎందుకు వదులుతున్నారో తెలుసుకోవడం, వదిలాక వాళ్ళకు ఏమవుతోందో చూడడం మాత్రం మీ పనే. ఆ రెండూ జరగడం లేదు.

నేను ఆమదాలవలస చుట్టుపక్కల సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. నా దగ్గర ఓనమాలు దిద్దిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు చెన్నైలో సెంట్రింగు కొడుతున్నారు, హైదరాబాదు శివార్లలో రాడ్డు వంచుతున్నారు, విజయవాడలో తాపీ పని చేస్తున్నారు. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్లెక్కుతున్నారు. సంక్రాంతికీ, ఊరి అమ్మవారి సంబరానికీ వస్తారు. పండగ దాటగానే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీలు ఆగే చోట సంచులతో నిలబడతారు. వీళ్ళు మీకు తెలియనివాళ్ళు కాదు, మీ ఓటర్లే. పోలింగు రోజున వీళ్ళను రప్పించడానికి పార్టీలు బస్సులు మాట్లాడతాయి, మేస్త్రీలకు ఫోన్లు చేస్తాయి. ఏ ఊరివాళ్ళు ఏ నగరంలో ఏ పేటలో ఉన్నారో పార్టీల దగ్గర లెక్క ఉంది. ప్రభుత్వం దగ్గర లేదు.

వలస అనగానే అందరికీ కరవు గుర్తొస్తుంది. అనంతపురం, పాలమూరు విషయంలో అది చాలావరకు నిజం. మా దగ్గర ఆ మాట నిలవదు. శ్రీకాకుళం జిల్లాలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది, అనంతపురానికి దాదాపు రెట్టింపు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా మా పొలాల పక్కనుంచే సముద్రంలోకి పోతున్నాయి. ఆ నీళ్ళు నిలిపి పొలానికి మళ్ళించే పనులు పూర్తికాక, కాలువ అందని ఊళ్ళో రైతు ఒక్క ఖరీఫ్ వరితో సరిపెట్టుకుంటాడు. కోతయ్యాక తేమ మిగిలిన చోట మినుమో పెసరో చల్లుతాడు. ఆ తర్వాత మళ్ళీ తొలకరి దాకా భూమికీ పని లేదు, మనిషికీ పని లేదు. ఎకరం, ఎకరంన్నర ఉన్న ఇంటికి ఆ నెలలు ఎలా గడుస్తాయో మీ రెవెన్యూ అధికారులను అడిగితే చెబుతారు.

వంశధార కథ ఒక్కటి వినండి. గొట్టా బ్యారేజీకి ఎగువన నేరడి దగ్గర ఇంకో బ్యారేజీ కట్టాలన్నది చాలా పాత ఆలోచన. ఒడిశా అభ్యంతరం చెప్పింది, వివాదం కేంద్రానికి వెళ్ళింది, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది తీర్పిచ్చింది. నేరడి కట్టుకోవచ్చంది. ట్రిబ్యునల్ వేసిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు పెళ్ళీడుకొచ్చారు, వాళ్ళలో చాలామంది పనుల కోసం ఊరు దాటారు. నేరడి బ్యారేజీ ఇంకా కాగితం మీదే ఉంది. హిరమండలం రిజర్వాయరు కోసమైతే ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేశాయి. పొలం పోయి పరిహారం చేతికొచ్చిన కుటుంబానికి ఆ డబ్బుతో అంత పొలం మళ్ళీ ఎక్కడా దొరకదు. ఇల్లు కట్టుకుంటారు, పిల్ల పెళ్ళి చేస్తారు, అప్పు తీరుస్తారు, ఆ పైన కూలికి బయలుదేరతారు. పక్క ఊళ్ళ చేలకు నీళ్ళివ్వడం కోసం తమ ఊరు వదులుకున్నవాళ్ళు వీళ్ళు. వాళ్ళు ఇప్పుడు ఏ నగరంలో ఏ పనిలో ఉన్నారో మీ శాఖల్లో ఎవరైనా చెప్పగలరా?

పొలం కాకపోతే ఫ్యాక్టరీ అంటారు. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం మూతబడి ఒక తరం దాటింది. తెరిపిస్తామన్న హామీ మాత్రం ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరుచుకుంటూనే ఉంది. విజయనగరం జిల్లాలో భీమసింగి చక్కెర మిల్లు ఆగిపోయింది, నెల్లిమర్ల జూట్ మిల్లు లాకౌట్ల మధ్య నలిగింది. మిల్లు ఆగితే పోయేది అందులో పనిచేసే కార్మికుల జీతం ఒక్కటే కాదు. మిల్లుకు చెరుకు తోలే రైతు, గోగు వేసి నార తీసే రైతు, బండి కట్టేవాడు, గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడు, అందరి చేతుల్లోంచీ ఒకేసారి పని పోయింది. ఆ పంటలు మళ్ళీ వెనక్కి రాలేదు.

ఉద్దానం ప్రాంతం సంగతి వేరు. అక్కడ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు పచ్చగా ఉండేవి. కూలికి బయటి ఊళ్ళవాళ్ళు వచ్చేవారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను తోటలను నేలకు పడేసింది. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ నాటుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేదాకా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఆ ఇంటి మగపిల్లలు ఏం చేయాలి? చెట్టుకింత అని పరిహారం ఇచ్చారు. చెట్టు మళ్ళీ ఎదిగేదాకా ఇల్లెలా గడవాలన్నది ఆ లెక్కలో లేదు. దానికి తోడు ఉద్దానంలో కిడ్నీ జబ్బు. ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైతే ఇంకొకరు ఎక్కడికో వెళ్ళి సంపాదించి పంపాల్సిందే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచి పని, ఆలస్యమైనా మంచి పనే. వైద్యం దగ్గరికొస్తే రోగికి ఊరటే, కానీ ఆ రోగి ఇంట్లో సంపాదన ఎవరిది, ఎక్కడిది అన్న ప్రశ్న అలాగే ఉంది.

నా పాత విద్యార్థి ఒకడు మేస్త్రీ వెనక చెన్నై వెళ్తుంటే అడిగాను, ఉపాధి పనులున్నాయి కదరా, కొన్నాళ్ళు ఊళ్ళో ఉండకూడదా అని. వాడన్నాడు: "ఊళ్ళో ఉంటే అప్పు ఇచ్చినోడి మొకం రోజూ సూడాల మాస్టారూ. ఎల్తే నెలకింతని పంపొచ్చు, ఆడు మాట్టాడడు." ఈ మాట మీ పథకాల రూపకర్తలు వినాలి. పథకం పేరేదైనా, అది ఎన్ని రోజుల పనికి హామీ ఇచ్చినా, చేసిన పనికి కూలి డబ్బు వారాల తరబడి రాకపోతే అప్పున్నవాడికి అది పనికిరాదు. మేస్త్రీ అలా కాదు, ముందే అడ్వాన్సు ఇస్తాడు. పదివేలో, ఇరవైవేలో చేతిలో పెట్టి, రైలు టిక్కెట్టు తీసి మరీ తీసుకెళ్తాడు. ఆ అడ్వాన్సుతోనే కూలీ కట్టుబడిపోతాడు. కూలి తక్కువైనా, పని గంటలు పెరిగినా, జ్వరమొచ్చినా బాకీ తీరేదాకా కదలలేడు. ఊరు వదలడానికి కారణం కూలి రేటు తేడా అని అర్థశాస్త్రం పుస్తకాల్లో పిల్లలకు చెప్పాం. అది నిజమే. ఊళ్ళలో నేను చూసినంతలో, ఎవరు ఏ నెలలో బయలుదేరాలన్నది నిర్ణయించేది మాత్రం ఎక్కువసార్లు అప్పే.

ఇంకో కారణం ఉంది, సభల్లో ఎవరూ ఎత్తనిది. ఊళ్ళో తన తాత ఎవరి చేలో పనిచేశాడో, తన ఇల్లు ఏ వీధిలో ఉందో అందరికీ తెలిసిన చోట బతకడం కొందరికి కష్టం. నగరంలో ఇరుకు రేకుల షెడ్డులో ఉన్నా, అక్కడ పని నేర్చుకుంటే మేస్త్రీ కావచ్చు, పిలుపులో గౌరవం ఉంటుంది. దళిత కుటుంబాల పిల్లలు కొందరు నాతో ఈ మాట నేరుగా చెప్పారు. వాళ్ళను ఊళ్ళో ఆపాలనుకునేవాళ్ళు ముందు ఊరు మార్చాలి. అది ఏ బ్యారేజీతోనూ అయ్యేది కాదు.

మా వలస ఈనాటిది కాదు. మా తాతల కాలంలో ఇక్కడివాళ్ళు రంగం, అంటే బర్మా, వెళ్ళేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూను చేరి ఓడరేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. అప్పుడు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, అంటే వాళ్ళు దేశం దాటలేదు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవలు ఊచకోతగా మారాయి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. నిన్నటిదాకా దేశవాళీ కూలీ అయినవాడు ఆ పొద్దున పరదేశి అయ్యాడు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలమంది అడవుల మీదుగా కాలినడకన తిరిగొచ్చారు, దారిలో ఎందరు పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇది పాత చరిత్రలే అని పక్కన పెట్టకండి. హైదరాబాదులో పనిచేస్తున్న మా కూలీ 2014 జూన్ 2న, ఉన్న చోటు నుంచి అడుగు కదపకుండానే, వేరే రాష్ట్రంవాడయ్యాడు. అతని రేషను కార్డు, భవన కార్మికుడి కార్డు, పిల్లల స్థానికత ఏమవుతాయో ఆ రోజు అతనికి చెప్పినవాళ్ళు లేరు.

అదే నెల 28వ తేదీ, శనివారం. చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు చాలామంది. శిథిలాల కింద ఎంతమంది ఉన్నారో రోజుల తరబడి తేలలేదు, ఎందుకంటే ఎవరెవరు పనిలో ఉన్నారన్న జాబితా చెప్పగలిగింది మేస్త్రీలే. శవాలు ఊళ్ళకు వచ్చాక మంత్రులు వచ్చారు, పరిహారం ప్రకటించారు. నేను అడిగేది పరిహారం గురించి కాదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒడిశా 1975లో, అడ్వాన్సు తీసుకుని బయటికి వెళ్ళే తన దాదన్ కార్మికుల కోసం చేసుకున్న చట్టం దానికి దారి చూపింది. ఐదుగురు లేదా అంతకు మించి వేరే రాష్ట్రం కూలీలను తీసుకెళ్ళే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, ప్రతి కూలీకి ఫొటోతో పాసుపుస్తకం ఉండాలి, ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళాడో రెండు రాష్ట్రాల అధికారులకూ తెలపాలి, ప్రయాణ ఖర్చు, వలస భత్యం ఇవ్వాలి. చట్టం వచ్చిన 35 ఏళ్ళకు మౌలివాక్కం జరిగింది. ఆ పాసుపుస్తకం మా చుట్టుపక్కల ఊళ్ళలో నేను ఒక్కరి దగ్గర కూడా చూడలేదు.

ఆ చట్టం ఇప్పుడు లేదు. 2020లో చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అది కలిసిపోయింది. కాంట్రాక్టరు లేకుండా సొంతంగా వెళ్ళినవాణ్ని కూడా వలస కార్మికుడిగా గుర్తించడం అందులో మంచి మార్పు, దాన్ని మెచ్చుకోవాలి. కానీ ఐదుగురు ఉన్న చోట పదిమంది అయ్యారు. మా మేస్త్రీలు ఆరుగురినో ఎనిమిదిమందినో వెంటేసుకుని పోయేవాళ్ళు. వాళ్ళంతా లెక్క బయటికి వెళ్ళిపోయారు. వలస భత్యం ఎగిరిపోయింది. అన్నిటికంటే పెద్ద లోపం పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఇచ్ఛాపురం కూలీ పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురం వెళ్తే వలస కార్మికుడు. ఐదు వందల కిలోమీటర్లు దాటి విజయవాడ వెళ్తే కాడు. అమరావతిలో, విజయవాడలో, విశాఖలో రేకుల షెడ్లలో కాపురముంటున్న మా జిల్లాలవాళ్ళు ఏ చట్టం ప్రకారం ఎవరు? ఇందుకు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. రాష్ట్రం లోపలి వలస కార్మికుల కోసం ఒక చట్టం చేసే అధికారం మీ శాసనసభకు ఉంది.

భవన కార్మికుల సంక్షేమ బోర్డు సంగతీ ఇంతే. 1996 చట్టంతో మొదలైన సెస్సు ప్రతి పెద్ద కట్టడం ఖర్చులో ఒక శాతం చొప్పున వసూలవుతుంది. చెన్నై అపార్టుమెంటు సెస్సు తమిళనాడు బోర్డుకు చేరుతుంది. ఆ అపార్టుమెంటుకు సెంట్రింగు కొట్టినవాడి కార్డు, అసలంటూ ఉంటే, శ్రీకాకుళంలో ఉంటుంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు తెమ్మంటారు. మూడు నెలల్లో నాలుగు సైట్లు మారినవాడికి ఆ కాగితం ఎవరు రాసిస్తారు? అదే రేషను బియ్యం చూడండి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య పోర్టబిలిటీ మొదలుపెట్టారు, మూడేళ్ళలో దేశమంతా అమలైంది. మా ఊరి కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకుంటున్నారు. బియ్యం మనిషి వెంట వెళ్ళగలిగినప్పుడు ప్రమాద బీమా ఎందుకు వెళ్ళలేదు? ప్రసూతి సాయం ఎందుకు వెళ్ళలేదు? పిల్లల బడి ఎందుకు వెళ్ళలేదు? చేయడానికి వీల్లేదని ఇక చెప్పలేరు, చేసి చూపించినవాళ్ళు మీరే.

సముద్రం మీద బతికేవాళ్ళ దగ్గరికి వస్తాను. శ్రీకాకుళం జిల్లా తీరం 190 కిలోమీటర్లకు పైమాటే, రాష్ట్రంలోని పొడవైన తీరాల్లో ఒకటి. ఇంత తీరంలో పెద్ద బోటు ఆగే హార్బరు దశాబ్దాల పాటు ఒక్కటీ లేదు. ఇసుక మీదికి ఈడ్చుకొచ్చే తెప్పలు, ఫైబర్ బోట్లతో దగ్గరి వేటే గతి. అందుకే మా మత్స్యకారులు దేశానికి అడ్డంగా ప్రయాణించి వెరావల్ వెళ్ళి, వేరేవాళ్ళ బోట్ల మీద నెలల తరబడి కూలీలుగా ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని పట్టుబడ్డారు. 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు, అప్పటిదాకా కరాచీ జైల్లో మగ్గారు. వాళ్ళ కథ ఆధారంగా వచ్చిన తండేల్ సినిమాను 2025లో రాష్ట్రమంతా చూసింది. వాళ్ళు తిరిగొచ్చిన కొన్నాళ్ళకే లాక్‌డౌన్ పడి, వేలమంది తెలుగు మత్స్యకారులు వెరావల్ బోట్ల మీదే చిక్కుకుపోయారు. చివరికి బస్సులు పెట్టి తీసుకొచ్చారు. సినిమా తీయదగినంత కష్టం వచ్చేదాకా ఆగకుండా, బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్ళపేట జెట్టీ పనులకు ఒక తేదీ చెప్పండి. మూలపేటలో పోర్టు కడుతున్నారు, కట్టండి. ఎగుమతి ఓడలకు చోటు దొరికిన తీరంలో వేట బోటుకూ చోటు దొరకాలి.

ఊళ్ళో ఉంటామని పోరాడినవాళ్ళూ మా జిల్లాలో ఉన్నారు. సోంపేట దగ్గర బీల నేలలు ఏడాది పొడవునా నీరు నిలిచే తావులు. వాటి కింద పంట పండుతుంది, వాటిలో చేప దొరుకుతుంది, పశువులకు మేత దొరుకుతుంది. ప్రభుత్వ కాగితాల్లో అవి పనికిరాని భూములయ్యాయి, థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. 2010 జులై 14న అడ్డుకున్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని కొట్టేసింది. వలసలు ఆపుతామని చెప్పే ప్రభుత్వాలే, ఊళ్ళో బతుకుతున్నవాళ్ళ బతుకుతెరువు తీసి ఇంకొకరికి ఇవ్వబోయాయి. ఇది ఏ ఒక్క పార్టీ మీదో చెప్పడం లేదు. ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలొస్తాయి, వలసలు ఆగుతాయి అన్న వాదనను లోతుగా చూడమంటున్నాను. ఆ ఫ్యాక్టరీ రాకముందు అక్కడ ఎంతమంది బతుకుతున్నారో ముందు లెక్కపెట్టాలి.

పైడిభీమవరం పారిశ్రామికవాడకు వెళ్ళి చూడండి. మా పిల్లలు హైదరాబాదు పోతుంటే అక్కడ పనికి ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. స్థానికులు ఒళ్ళు వంచరని యజమానులు అంటారు. చెన్నైలో, హైదరాబాదులో మా కుర్రాళ్ళు అదే ఒళ్ళు వంచుతున్నారు మరి. అసలు సంగతి ఏమిటంటే, ఊరివాడికి ఇల్లుంది, పొద్దుగూకితే వెళ్ళిపోతాడు, తమ్ముడి పెళ్ళికి సెలవడుగుతాడు, అన్యాయం జరిగితే పదిమందిని పోగేస్తాడు. దూరంనుంచి వచ్చినవాడు షెడ్డులోనే ఉంటాడు, రాత్రి పిలిచినా వస్తాడు, భాష రాదు, ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. పరిశ్రమకు కావలసింది ఈ ఒంటరితనం. మావాడు చెన్నైలో ఒంటరి, బీహారు కుర్రాడు రణస్థలం మండలంలో ఒంటరి. 2019లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టుల మాట అలా ఉంచండి. తమిళనాడూ తెలంగాణా గుజరాతూ అదే నియమం గట్టిగా పెడితే, వెనక్కి తిరిగొచ్చే మావాళ్ళను మీరు ఎక్కడ నిలబెడతారు? మన దగ్గరికొచ్చిన ఒడిశా ఇటుక బట్టీ కార్మికుడికి న్యాయం చేయండి, అప్పుడు చెన్నైలో మావాడి కోసం గట్టిగా అడిగే నైతిక బలం మీకుంటుంది.

2011 జనగణనలో నేను ఎన్యూమరేటరుగా తిరిగాను. మా టీచర్లకు అది అలవాటైన పని. ఫిబ్రవరి నెల, పండగ వెళ్ళిపోయింది, వీధుల్లో తాళాలేసిన ఇళ్ళు, తాళం లేని ఇళ్ళలో ముసలివాళ్ళు, పిల్లలు. నా చేతిలో ఉన్న ఫారంలో వేరే ఊరి నుంచి ఇక్కడికి ఎందుకొచ్చావని అడగడానికి గడి ఉంది. ఇక్కడి నుంచి వెళ్ళినవాడు ఎందుకెళ్ళాడని అడగడానికి గడి లేదు. ఆ జనగణన ప్రకారం దేశంలో ఊరు మారినవాళ్ళు 45 కోట్లకు పైనే, వాళ్ళలో పెద్ద భాగం పెళ్ళి వల్ల ఇల్లు మారిన స్త్రీలు. పెళ్ళి అని గడి నిండాక, ఆ స్త్రీ మొగుడితో పాటు కాంక్రీటు తట్ట మోస్తోందా లేదా అన్నది ఇంకెక్కడా కనబడదు. ఆ లెక్కల్లోనే ఇంకొకటి ఉంది. 2001 నుంచి 2011 వరకు ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 11 శాతం పెరిగితే శ్రీకాకుళం జిల్లాలో 6.5 శాతం, విజయనగరంలో 4.2 శాతమే పెరిగింది. వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది స్త్రీలు లెక్కకొచ్చారు. జననాలు తగ్గడమూ ఒక కారణమే. మిగతా కారణం ఆ తాళాలే.

లెక్క లేకపోతే ఏమవుతుందో 2020లో దేశమంతా చూసింది. కోటిమందికి పైగా కూలీలు సొంత రాష్ట్రాలకు తిరిగొచ్చారు. దారుల్లో ఎందరు చనిపోయారని అడిగితే, ఆ వివరాలు లేవని కేంద్రం ఆ సెప్టెంబరులో పార్లమెంటుకు చెప్పింది. లేనిది వివరం మాత్రమే అనుకుంటే పొరపాటు. వివరం లేని చోట బాధ్యత కూడా ఉండదు. కేరళ తన నుంచి బయటికి వెళ్ళేవాళ్ళ మీద 1998 నుంచి క్రమం తప్పకుండా సర్వే చేయిస్తోంది, బయటి నుంచి వచ్చే కూలీలకు 2017లో ఆవాజ్ బీమా పెట్టింది. జార్ఖండ్ తన వలస కార్మికుల కోసం కంట్రోల్ రూము నడుపుతోంది. మనకు ప్రతి ఊళ్ళో సచివాలయం ఉంది, సిబ్బంది ఉన్నారు, ఇంటింటికీ తిరిగే అలవాటు ఉంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రతి పంచాయతీలో ఒక వలస రిజిస్టరు పెట్టించండి. ఎవరు వెళ్ళారు, ఎక్కడికి, ఏ పనికి, ఏ మేస్త్రీ వెంట, ఇంట్లో ఎవరు మిగిలారు, ఎందుకు వెళ్ళారు, ఇవి చెప్పేవాళ్ళ ఇష్టంతోనే రాయించండి. పోలీసు చేతికో పార్టీ చేతికో ఆ పుస్తకం పోకూడదు. మేస్త్రీలను దొంగల్లా చూడకుండా పేరు నమోదు చేసి గుర్తింపు ఇవ్వండి. వాళ్ళలో సగంమంది నిన్నటి కూలీలే. చెన్నై, హైదరాబాదు, వెరావల్ లలో తెలుగు మాట్లాడే ఒక అధికారిని, ఒక ఫోను నంబరుతో కూర్చోబెట్టండి. కూలి ఎగ్గొట్టినా, పై అంతస్తు నుంచి జారిపడినా ఆ నంబరుకు చెప్పుకునే వీలుండాలి. భవన కార్మికుల కార్డు ఎక్కడైనా చెల్లేలా తమిళనాడు, తెలంగాణ ప్రభుత్వాలతో ఒప్పందం చేసుకోండి. ఓటు సంగతి ఎన్నికల సంఘం చూసుకోవాలి. దూరం నుంచి ఓటేసే యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీలకు చూపించబోతే చాలా పార్టీలు వద్దన్నాయి. మీ పార్టీ వైఖరి ఏమిటో మాకు చెప్పండి.

నేరడి, హార్బర్లు, ఆగిన మిల్లుల మీద ఏ పని ఏ నెలకు ఎక్కడిదాకా వచ్చిందో జిల్లాలవారీగా శాసనసభలో చెప్పండి. ఊళ్ళో ఉండాలనుకున్నవాడు ఉండగలగాలి, వెళ్ళాలనుకున్నవాడు భయం లేకుండా వెళ్ళి రాగలగాలి. ఆ తర్వాత ఎంతమంది వెళ్ళినా మాకు అభ్యంతరం లేదు.

2027 ఫిబ్రవరిలో ఎన్యూమరేటర్లు మళ్ళీ మా వీధుల్లోకి వస్తారు. వాళ్ళ ఫారంలో మావాళ్ళు ఎందుకు వెళ్ళారన్న గడి ఈసారీ ఉంటుందన్న ఆశ నాకు లేదు. అంతకంటే ముందే పంచాయతీల్లో ఆ లెక్క తీయించి, ఆ వివరాలను శాసనసభ ముందు పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు